పదహారో పేజీలో ఆయన

ఇంటి ముందు గది. కిటికీ దగ్గర కుట్టుమిషను. సాయంత్రం. ఆఫీసు నుంచి వచ్చిన భర్త ఇంకా చొక్కా మార్చుకోలేదు. భార్య చేతిలో బట్టలుతికే మిషనుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకం.

“మాట దాటెయ్యకండి. ఎవరావిడ?”

“ఏ ఆవిడ?”

“ఇదిగో, ఈవిడ. మూడో పేజీలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది చూడండి.”

“అది బొమ్మ.”

“బొమ్మేనని నాకూ తెలుసు. బొమ్మ కింద మాటలెవరివని అడుగుతున్నాను.”

“ఎవరివీ కావు. మిషను ఎలా వాడాలో చెప్పే పుస్తకం అది. నీకెక్కడిది?”

“కిందింటావిడ ఇచ్చింది. మొన్న మీ కంపెనీ మిషనే కొన్నారుగా. మొగుడూ పెళ్లాం కూర్చుని పైకి చదువుకుని మరీ నవ్వుకున్నారట. పొద్దున పనిగట్టుకుని పైకొచ్చి, ‘ఇది మీవారే రాశారటగా, ఇంట్లో కూడా ఇంత సరదాగా మాట్లాడతారా వదినా’ అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“ఆఁ, ఇంతకంటే ఎక్కువే అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.”

“అందులో సిగ్గుపడ్డానికేముంది?”

“ఏముందా? వినండి. ‘ఆవిడ: ఏమండీ, మీట నొక్కగానే ఈ మిషను ఇల్లంతా నడుస్తోందేమిటి? ఆయన: నాలుగు కాళ్లూ సమంగా లేవు. అందుకే నీ వైపు వచ్చేస్తోంది. దాన్నేమీ అనలేం, నాదీ అదే వరస. ముందు ఆ ఎడమ కాలు కుడివైపుకి రెండు చుట్లు తిప్పు.’ నాదీ అదే వరసట.”

“కాళ్లు సమం చెయ్యాలని చెప్పడానికి రాసింది. మామూలుగా రాస్తే ఎవరూ చదవరు.”

“మనింట్లో మిషను కూడా నడిచింది. వంటగది గుమ్మం దాకా నడిచింది. అప్పుడు మీరేమన్నారో గుర్తుందా?”

“ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు.”

“‘పుస్తకం చూడు’ అన్నారు. పేపరు మీంచి తల కూడా ఎత్తలేదు.”

“సరే, అన్నానేమో. టీ పెడతావా?”

“పెట్టను. నా పెన్సిలు కూడా కనబడి చావట్లేదు, ఇందాకటి నుంచీ వెతుకుతున్నాను. ఆ స్కూలు పిల్లల చొక్కాలు పొద్దున్నకి ఇవ్వాలి. గుర్తులు పెట్టుకుందామని కూర్చుని ఈ పుస్తకం తెరిచాను, నా పని కాస్తా తగలడింది. ఎనిమిదో పేజీ చదవనా?”

“వద్దు, నాకు తెలుసు.”

“మీకు తెలుసు, నాకే తెలీదు. ‘ఆవిడ: మిషన్లో వేసే ముందు మీ జేబులు వెతకొచ్చా? ఆయన: నిక్షేపంగా వెతుకు. దొరికేది బస్సు టిక్కెట్టూ, రెండు రూపాయి బిళ్లలూ, నువ్వు రాసిచ్చిన సరుకుల చీటీ. నీ దగ్గర దాచుకోవడానికి నాకింకేం ఉంది?’”

“జేబుల్లో చిల్లర ఉండిపోయి లోపలి తొట్టి పాడవుతోంది. నెలకి వంద మిషన్లు రిపేరుకి వస్తున్నాయి అలా. అందుకని రాశాం.”

“రాశాం?”

“రాశాను.”

“లేదు, రాశాం అన్నారు.”

“ఆఫీసు తరఫున అలాగే అంటాం.”

“ఇరవై ఏళ్లలో ఎన్నడూ అనలేదు. ఫ్యానుకి నేను రాశాను, గీజరుకి నేను రాశాను అనేవారు. ఆ పుస్తకాలు కూడా చదివాను నేను. ‘హెచ్చరిక. తడి చేతులతో తాకరాదు. పిల్లలకు అందనివ్వరాదు.’ అన్నీ రాదు, రాదు, రాదు. ఏనాడూ ఒళ్లు మండలేదు. ఆ మనిషి నాతోనూ అలాగే ఉండేవాడు, పుస్తకంలోనూ అలాగే ఉండేవాడు. ఇప్పుడు ఉన్నట్టుండి పుస్తకంలో మాత్రం సరసం పుట్టుకొస్తే నేనేమనుకోవాలి?”

“మా మేనేజరు చెప్పాడు గనక రాశాననుకో. నువ్వు కాస్త కూర్చో. ఎవరూ చదవట్లేదు నేను రాసినవి. ప్లగ్గు పెట్టకుండా మిషను పాడైపోయిందని ఫోన్లు చేస్తున్నారు. మెకానిక్కు బండేసుకుని అంత దూరం వెళ్లి, ప్లగ్గు పెట్టి వస్తున్నాడు. డబ్బాతో పాటే పారేస్తారు పుస్తకాన్ని. ఒకాయన ఇంటికి నేనూ వెళ్లాను మెకానిక్కుతో. నా పుస్తకం మంచం కోడు కింద పెట్టుకున్నాడు, ఊగకుండా.”

“ఆ మాట మీరు నాకు చెప్పలేదు.”

“ఏం చెప్పమంటావు?”

“ఏదో ఒకటి. ఇవాళ నా పుస్తకం మంచం కోడు కింద చూశానే అని చెప్పొచ్చుగా. నేనేమన్నా నవ్వుతానా?”

“నవ్వేదానివి.”

“కొంచెం నవ్వేదాన్నేమో. తర్వాత?”

“తర్వాతేముంది. సరదాగా రాయండి, జనం కథ చదివినట్టు చదవాలి, లేకపోతే మీ విభాగం మూసేస్తామన్నాడు. ఒక మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటున్నట్టు రాద్దామనుకున్నాను. రాశాను. పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి చేతికిచ్చాం.”

“నవ్వారా?”

“ఒకాయన నిద్రపోయాడు. ఒకావిడ రెండో పేజీలో మూసేసి బ్యాగు సర్దుకుంది.”

“ఇదేనా? ఈ పుస్తకమేనా?”

“దీని ముందుది. అందులో ఆవిడ ఏం అడిగినా ఆయన ‘ఆరో పేజీ చూడు, పదకొండో పేజీ చూడు’ అనేవాడు. మేనేజరు చదివి, ‘ఇలాంటి మొగుడితో ఎవరు కాపురం చేస్తారయ్యా’ అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆ పుస్తకం మొత్తానికి జనం నవ్వింది అక్కడొక్కటే. అదీ పుస్తకాన్ని చూసి కాదు, నన్ను చూసి.”

“పాపం.”

“జాలి పడకు.”

“పడట్లేదు. మరి అప్పుడేం చేశారు? ఆ ఆరో పేజీ మొగుడు ఇంత రసికుడెలా అయ్యాడు?”

“దిద్దుకున్నాను.”

“మీ అంతట మీరే?”

“ఆఁ.”

“మీ బల్ల మార్చారని చెప్పారు మొన్న దసరా సెలవుల ముందు. కిటికీ పక్కనుంచి తీసేసి ఎవరి పక్కన వేశారు?”

“ఎవరి పక్కనైతే ఏం?”

“ఎవరి పక్కన వేశారండీ?”

“ఫిర్యాదుల ఫోన్లు తీసే ఆవిడ పక్కన.”

“అదీ. నాకు పదహారో పేజీలోనే అర్థమైంది. తేనె పూసినట్టు మాట్లాడుతుంది ఆ మనిషి. మీ సెల్లు పనిచెయ్యలేదని ఒకసారి ఆఫీసుకి ఫోను చేశాను చూడండి, ఆవిడే ఎత్తింది. ‘మీవారు ఇప్పుడే కిందికెళ్లారమ్మా, రాగానే చెప్తాను, మీరు భోంచేశారా’ అంది. నేను తిన్నానో లేదో ఆవిడకెందుకు?”

“ఆవిడ అందరినీ అడుగుతుంది.”

“వెనకేసుకు రాకండి.”

“పదకొండేళ్లుగా జనం తిట్టే తిట్లు వింటోంది. మిషను తిరగడం లేదని అరుస్తూ ఫోను చేసినవాళ్లని ముందు భోంచేశారా అని అడుగుతుంది. వాళ్లు చల్లబడతారు. అదావిడ పని.”

“ఎంత బాగా తెలుసు మీకు ఆవిడ సంగతి. నేను రోజుకెన్ని చొక్కాలు కుడతానో చెప్పండి చూద్దాం.”

“అదేం ప్రశ్న?”

“తెలీదు కదా. పదకొండేళ్లని ఆవిడ లెక్క మాత్రం తెలుసు. నాకు కడుపు రగిలిపోతోందండీ, దాచుకోను. పొద్దుట్నుంచి ఈ బొమ్మని చూసి చూసి కళ్లు మండుతున్నాయి. ఎంత అదృష్టవంతురాలు అనిపిస్తోంది. ఏదడిగినా విసుక్కోడు. తెలివితక్కువ ప్రశ్న అడిగినా నవ్వించి చెప్తాడు. మిషన్లో నలుసులు పట్టే జల్లెడ ఎన్నాళ్లకోసారి కడగాలి అంటే, ‘పదిహేను రోజులకి, నువ్వు మర్చిపో, నేను గుర్తుపెట్టుకుంటాను’ అంటాడు. నా జన్మలో ఒక్క మగాడు నాతో అనలేదు ఆ మాట, నువ్వు మర్చిపో, నేను గుర్తుపెట్టుకుంటాను అని.”

“అది జల్లెడ గురించి.”

“జల్లెడ గురించైనా సరే. ఆవిడ మీద ఇష్టం లేకపోతే ఆ మాట రాదు చేతికి. ఇదిగో, బొమ్మలో జుట్టు ముడిలో పెన్సిలు కూడా గుచ్చుకుంది. ఆఫీసులో కూర్చునే ఆడది కాకపోతే ముడిలో పెన్సిలు ఎవరు గుచ్చుకుంటారు? ఆవిడేనా కాదా? ఒక్క మాట చెప్పండి చాలు. అవునంటే ఏడ్చి ఊరుకుంటాను, కాదంటే నమ్మను.”

“బొమ్మలేసే కుర్రాడికి పెన్సిలు గుచ్చమని చెప్పింది నేనే.”

“ఒప్పుకున్నారు.”

“నీ ముడిలో చెయ్యి పెట్టి చూసుకో.”

“నా ముడితో మీకేం పని?”

“చూసుకో ముందు.”

“...ఇక్కడ పెట్టానా. గదంతా వెతికాను దీని కోసం.”

“రోజూ వెతుకుతావు. రోజూ అక్కడే ఉంటుంది.”

“మీరు చూస్తారా?”

“చూస్తాను.”

“చూసి చెప్పరా? వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చుంటారా?”

“నువ్వే కనుక్కుంటావుగా అని.”

“అయితే ఈ బొమ్మ...”

“నువ్వే. ఆవిడ మాటలన్నీ నీవే. నేను ఒక్కటీ కల్పించలేదు, నాకు కల్పించడం రాదు. మన మిషను కొన్నప్పుడు నువ్వు అడిగినవన్నీ గుర్తు తెచ్చుకుని రాసుకున్నాను. ఇల్లంతా నడుస్తోందేమిటండీ అన్నావు. జేబులు వెతకొచ్చా అన్నావు. ఈ ఎర్ర దీపం నా వంక గుడ్లురుముతోంది అన్నావు, అది ఇరవయ్యో పేజీలో ఉంది.”

“అది చదివి నవ్వాను నేను. ఎవరో గానీ భలే మాట్లాడుతుంది అనుకున్నాను. కుళ్లుకున్నాను కూడా.”

“నీమీద నువ్వే.”

“ఉండండి. పదహారో పేజీ. ‘ఆవిడ: అన్నీ నొక్కాను, తిరగడం లేదు. నా చేతిలో ఏదీ పనిచెయ్యదు.’ ఇది కూడా నాదేనా?”

“నీదే.”

“ఆ రోజు మా అమ్మకి బాగోలేదని ఫోనొచ్చింది. బట్టలన్నీ నానిపోయి ఉన్నాయి, మిషను మొరాయించింది. గుమ్మంలో నిలబడి అన్నాను ఆ మాట.”

“తెలుసు.”

“మీరు విననే లేదనుకున్నాను.”

“విన్నాను.”

“అన్నీ వింటారా మీరు?”

“వింటాను. వినకపోతే ఎలా రాస్తాను?”

“అబ్బ, మీ దుంపతెగ. ఏడిపించారు కదండీ పొద్దుట్నుంచి. టీ పెడతానుండండి. రేపు కిందింటావిడకి చెప్తాను, ఈ ఆవిడ నేనేనని. పెన్సిలు చూపిస్తాను. నమ్మకపోతే ఆ ఎర్ర దీపం మాట మళ్లీ అని చూపిస్తాను.”

“చెప్పకు. ఎందుకులే.”

“ఎందుకు చెప్పకూడదు? ఊరంతా చదువుతున్నారట, మిషను కొనకపోయినా పుస్తకం ఇవ్వమని అడిగేవాళ్లున్నారని కొట్టువాళ్లు అంటున్నారట. చెప్పుకోనివ్వండి నన్ను కూడా ఒకసారి. అన్నట్టు ఆ జవాబు మీ నోటితో చెప్పండి.”

“ఏ జవాబు?”

“పదహారో పేజీది. నేను అడుగుతాను. అన్నీ నొక్కానండీ, తిరగడం లేదు. నా చేతిలో ఏదీ పనిచెయ్యదు. ఊఁ, చెప్పండి.”

“ఇప్పుడెందుకివన్నీ.”

“ఎవరున్నారిక్కడ? చెప్పండి. సిగ్గా?”

“తలుపు సరిగా పడి ఉండదు. నొక్కి చూడు.”

“అది కాదు. పుస్తకంలో ఉన్నట్టు.”

“అంతే కదా ఉన్నది.”

“‘నీ చేతికేం కాలేదు. ఆ చేతులే కదా ఈ ఇంటిని నడిపిస్తున్నది. తలుపు ఒక్కటే సరిగా పడలేదు. టక్కుమని చప్పుడు రావాలి. ఇలా రా, ఇద్దరం కలిసి నొక్కుదాం.’ మీరు రాసిందే మీకు గుర్తులేదా?”

“ఉంది.”

“లేదు. నాకు కంఠతా వచ్చేసింది పొద్దుట్నుంచి. మీకు గుర్తులేదు. ఏమిటలా చూస్తారు?”

“నేను రాయలేదు.”

“ఏది?”

“జవాబులు. నేను రాసింది నీ మాటలే. రెండోవైపు నాకు ఎంత ప్రయత్నించినా ఆరో పేజీ చూడు అనే వచ్చేది. మేనేజరు చూసి చూసి, నా బల్ల తీసుకెళ్లి ఆవిడ పక్కన వేయించాడు. నేను నీ ప్రశ్న చదువుతాను. ఆవిడ ఫోనులో జవాబు చెప్పినట్టు చెప్తుంది. నేను రాసుకుంటాను. అలా అయింది పుస్తకం.”

“అన్నీనా?”

“అన్నీ.”

“జేబులది?”

“ఆవిడే.”

“నువ్వు మర్చిపో, నేను గుర్తుపెట్టుకుంటాను అన్నది?”

“ఆవిడే.”

“ఆ ప్రశ్నలు నావని ఆవిడకి తెలుసా?”

“చెప్పలేదు. పెన్సిలు గుచ్చమన్న రోజు అడిగింది, నిజంగా ఉన్నారా అండీ ఈవిడ అని. మాట మార్చాను. కానీ పదహారో పేజీ దగ్గర వెంటనే చెప్పలేదు జవాబు. ఫోనుల్లో ఈ మాట చాలామంది ఆడవాళ్లు అంటారండీ, మిషను గురించి కాదు అంది. తర్వాత చెప్పింది.”

“మీరు రాసుకున్నారు.”

“రాసుకున్నాను. నీతో అబద్ధమెందుకు, రాసుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు. ఆ పుస్తకంలో మొగుడి మీద. వాడెవడు నీతో అంత చక్కగా మాట్లాడడానికి అనిపించింది. నువ్వు గుమ్మంలో నిలబడి ఉంటే, నేను పేపరు చదువుకుంటుంటే, వాడు లేచొచ్చి నీ చెయ్యి పట్టుకున్నట్టయింది. రెండు లైన్లు కొట్టేశాను కూడా. మేనేజరు మళ్లీ పెట్టించాడు.”

“ఏం కొట్టేశారు?”

“ఇద్దరం కలిసి నొక్కుదాం అన్నది.”

“అది కొట్టేశారా?”

“ఆఁ.”

“అదొక్కటి ఉందని కదండీ నేను పేజీ తిప్పకుండా కూర్చున్నది.”

“తెలుసు. అందరూ అక్కడే ఆగుతున్నారట. తలుపు పడలేదన్న ఫోన్లు సగానికి తగ్గాయి.”

“మీ కంపెనీ గ్యాసు పొయ్యి కూడా వస్తోందన్నారుగా. దాని పుస్తకం కూడా ఇలాగే చేస్తారా?”

“సోమవారం మొదలు. నువ్వు వద్దంటే మానేస్తాను. విభాగం మూసేస్తే మూసేసుకోనీ. రేపే వెళ్లి చెప్పేస్తాను, ఆవిడతో కూర్చుని రాయనని.”

“అలా ఎందుకు చెప్పడం?”

“ఇందాక కడుపు రగిలిపోతోందన్నావుగా.”

“ఇందాకటిది వేరు.”

“ఇప్పుడు కోపం లేదా?”

“పొయ్యి గురించి నేను అడిగినవి కూడా రాసి పెట్టుకున్నారా?”

“పద్నాలుగు ఉన్నాయి.”

“ఆవిడకి పెళ్లయిందా?”

“లేదు. తమ్ముడి దగ్గర ఉంటుంది.”

“ఆదివారం ఇంటికి రమ్మనండి. భోజనానికి.”

“చూడు, ఆవిడని అనాల్సినవి నన్నను, పడతాను. ఇంటికి పిలిచి ఆవిడతో గొడవ పెట్టుకోకు. పాపం, ఆవిడకేమీ తెలీదు.”

“గొడవెవరు పెట్టుకుంటారు? వండి పెడతాను. రమ్మనండి.”

“సరే. నేనే వెళ్లి తీసుకొస్తాను. ముగ్గురం కూర్చుని...”

“తీసుకొచ్చి దింపేసి, మీరు సాయంత్రం దాకా ఎక్కడికైనా వెళ్లి రండి.”

“నేనెందుకు వెళ్లాలి? నా ఇంట్లో నేనుంటే ఏం?”

“మీరుంటే నాకు మాట రాదండీ. ఒక్క పూట, ఆ పుస్తకంలో ఆయనతో మాట్లాడుకోనివ్వండి నన్ను.”